నమిలితే పోయేది చెప్పు, మింగితే పోయేది ప్రాణం

వేసవి మధ్యాహ్నం. భోజనాలయ్యాక పళ్ళెం అంచున పెట్టిన చిన్నరసం టెంక ఒకటి జారి కిందపడింది. నాలుగైదు నెలల లాబ్రడార్ పిల్ల దాన్ని నోట కరుచుకుని మంచం కిందికి దూరింది. ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, పీచు లాగుతూ నాకుతూ కూర్చుంది. ఇంట్లో ఎవరో చూశారు. "ఏయ్, వదులు!" అన్న కేకకు మరో ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఒకరు చీపురుతో బయటికి తోయబోయారు, ఒకరు మంచం కింద చెయ్యి పెట్టారు. పిల్ల నాకడం ఆపేసింది. ఒళ్ళు బిగుసుకుంది, తల టెంక మీదికి వాలింది, కంటి తెల్లగుడ్డు ఓరగా మెరిసింది. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి మెడ ముందుకు సాచి ఒక్క గుటక వేసింది. టెంక పేగులో అడ్డంపడితే ఇక ఆపరేషన్ బల్లే గతి. కుక్కను పెంచే ఇళ్ళలో ఎండాకాలం మామిడి టెంకతోనూ, వానాకాలం మొక్కజొన్న కండెతోనూ జరిగే కథ ఇదే. అందరూ పిల్ల ఆబను తిట్టుకుంటారు. కానీ కాస్త నిదానంగా చూస్తే, పిల్ల దాన్ని నములుతున్నంతసేపూ ప్రమాదం చిన్నది. అది గుటకగా మారింది మనుషులు చుట్టుముట్టాకే. కుక్కపిల్ల కొరుకుడు మాన్పించాలనుకునే ప్రతి ఇంటికీ ముందుగా అర్థం కావలసిన సంగతి ఇది. నమలడం వేరు, మింగడం వేరు. మొదటిదాన్ని ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. రెండోదాన్ని తరచు మన తొందరే నేర్పిస్తోంది.

నమలడాన్ని ఎందుకు ఆపలేమో చెప్పడం తేలిక. పసిబిడ్డ గిలక దొరికితే చేత్తో తిప్పి చూస్తుంది, నేలకేసి కొట్టి చూస్తుంది. కుక్కపిల్లకు ఆ చెయ్యి లేదు. వస్తువు మెత్తగా ఉందా, గట్టిదా, చినుగుతుందా, కదులుతుందా అన్నదంతా నోటితోనే తెలుసుకోవాలి. దానికి తోడు పళ్ళ బాధ ఒకటి. రెండు నెలలు నిండేసరికి వచ్చిన 28 పాలపళ్ళు నాలుగో నెల ప్రాంతంలో కదలడం మొదలై, ఏడో నెలకల్లా వాటి చోట 42 శాశ్వత పళ్ళు వస్తాయి. ఆ మూడు నెలలూ చిగుళ్ళు సలుపుతుంటాయి, ఏదో ఒకటి పంటికింద నలిగితే గాని దానికి ఊరట ఉండదు. ఇక ఏది తిండి, ఏది కాదు అన్న వివేచన దానికి పుట్టుకతో వస్తుందనుకోవడం మన భ్రమ. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధన సంస్థలో వీధికుక్కల మీద ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్న అనిందిత భద్ర బృందం 2014లో ప్రచురించిన పత్రం దీన్ని బాగా చూపిస్తుంది. పెద్ద కుక్కలు మాంసం వాసన ఉన్న ముక్కను ఏరుకుని ముందు తిన్నాయి. పిల్లల్లో ఆ ఎంపిక కనబడలేదు. మాంసం మీద మక్కువ కూడా పెరిగే క్రమంలో నేర్చుకునేదే అని వాళ్ళు తేల్చారు. మాంసమే తెలియని పిల్లకు మాత్రల స్ట్రిప్పు తిండి కాదని ఎవరు చెప్పి ఉంటారు?

మన ఇళ్ళలో ఈ కొరుకుడుకు దొరికే జవాబు సాధారణంగా ఒక దెబ్బో, ముక్కు మీద ఒక చరుపో. దండం దశగుణం భవేత్ అని మనకు ముందే ఒక మాట సిద్ధంగా ఉంది. దండన పనిచేసినట్టు కనబడుతుందన్నది నిజమే. చినిగిన చెప్పు చూపించి గద్దిస్తే పిల్ల చెవులు వెనక్కి వాల్చి, చూపు తిప్పుకుని, తోక ముడుస్తుంది. "చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు" అంటాం. అమెరికాలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు ఈ 'తప్పు తెలిసిన ముఖం' నిజమెంతో తేల్చడానికి 14 కుక్కలతో ఒక ప్రయోగం చేసి 2009లో ప్రచురించారు. వద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్న విషయంలో కొన్నిసార్లు యజమానికి అబద్ధం చెప్పారు. తినని కుక్కను కూడా తిన్నదనుకుని యజమాని తిడితే, అది కూడా అదే ముఖం పెట్టింది. అంటే ఆ ముఖం చేసిన తప్పుకు కాదు, ఎదురుగా ఉన్న మనిషి కోపానికి జవాబు. అరగంట కిందట కొరికిన చెప్పుకు ఇప్పుడు పడిన దెబ్బను పిల్ల ముడివేయలేదు. దానికి అర్థమయ్యేది ఒక్కటే: నోట్లో ఏదైనా ఉన్నప్పుడు మనుషులు దగ్గరికొస్తే చెడు జరుగుతుంది. అప్పుడు దానికి మిగిలేవి మూడు దారులు. పారిపోవచ్చు, తిరగబడవచ్చు, గబుక్కున మింగేయవచ్చు.

ఇది ఊహ కాదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుక్కలు తమ వస్తువులను కాపాడుకునే తీరును పరిశీలించినప్పుడు సరిగ్గా ఈ మూడింటినీ ఆ కాపలాకు రూపాలుగా లెక్కించారు. అడిగితే నోట్లోది వదలడం నేర్చిన కుక్కల్లో తిరగబడటం తక్కువని వాళ్ళ సర్వేలో తేలింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యశాలకు ప్రవర్తన సమస్యలతో వచ్చిన 140 కుక్కల యజమానులను అడిగిన మరో అధ్యయనం 2009లో వచ్చింది. నోట్లోది బలవంతంగా పెరికిన వారిలో నూటికి 39 మందికి కుక్క నుంచి ఎదురుదాడి వచ్చింది. కొట్టినవాళ్ళలో, తన్నినవాళ్ళలో అది నూటికి 43. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిగి 2020లో వెలువడిన పరిశోధన, భయపెట్టి నేర్పే శిక్షణలో ఉన్న కుక్కల్లో ఒత్తిడి సంకేతాలు, లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువగా ఉన్నాయని చూపింది. వీటిలో సర్వేల విషయంలో ఒక అభ్యంతరం న్యాయమైనదే: కోపిష్టి కుక్క కాబట్టే దెబ్బలు తిన్నదేమో, దెబ్బలు తిన్నందుకే కోపిష్టిదయిందని ఎలా అంటారు? ఒక్క సర్వేతో అయితే అనలేం. కానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో చూసినవాళ్ళంతా ఒకవైపే వేలు చూపుతున్నప్పుడు, దండన వల్ల కుక్కపిల్ల నోరు భద్రమవుతుందని చూపే ఆధారం మాత్రం అవతలి పక్షాన లేనప్పుడు, పిల్లమీద చెయ్యెత్తే ముందు ఆలోచించాల్సింది మనమే.

అలాగని మొదటి రోజునుంచే శిక్షణ మీద భారం వేస్తే అది కూడా పొరపాటే. మూడు నెలల పిల్ల ఎంత తెలివైనదైనా నేల మీద పడిన ప్రతిదాన్నీ చూసి వదిలేయదు. అందుకని మొదటి పని ఇంటిది, ముఖ్యంగా మన ఇంటిది. కుక్కల పెంపకం మీద దొరికే సలహాలు చాలావరకు పరాయి దేశాల ఇళ్ళను చూసి రాసినవి. వాటిలో చాక్లెట్ ఉంటుంది, కలరా ఉండలు ఉండవు. చాక్లెట్ ప్రమాదమే. అందులోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి మనిషి ఒంట్లోకన్నా చాలా నెమ్మదిగా పోతుంది. కానీ పట్టుచీరల బీరువాలో వేసే కలరా ఉండ, దేవుడి గూట్లో పళ్ళెంలో విడిగా పెట్టే కర్పూరం బిళ్ళ, పూజకు కోసుకొచ్చిన గన్నేరు పూలు, దండ విప్పాక కింద పారేసిన దారం, ఇవన్నీ పిల్లకు అందే ఎత్తులోనే ఉంటాయి. కర్పూరం మూర్ఛలు తెప్పిస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండె లయను దెబ్బతీస్తాయి. దారం ఒక కొన ఎక్కడో చిక్కుకుపోయి పేగును ముడుచుకుపోయేలా చేస్తుంది. అందుకే నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే ఎప్పుడూ లాగకూడదు, లాగితే పేగు కోసుకుపోతుంది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ ఆలోచించదగ్గదిగా కనిపించేది చింతపండు. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయని పశువైద్యులకు చాలా ఏళ్ళుగా తెలుసు. ఎందుకన్నదే అంతుపట్టలేదు. ఒక కుక్క గుప్పెడు తిని హాయిగా తిరిగేది, ఇంకొకటి కొన్నిటికే మూత్రం ఆగిపోయి చచ్చిపోయేది. 2021లో అమెరికాలోని జంతు విషచికిత్స కేంద్రం వైద్యులకు ఒక కొస దొరికింది. బేకింగ్‌లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్న లక్షణాలే వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో అది రకాన్నిబట్టి, పక్వాన్నిబట్టి మారుతుంది. ఒక కుక్కకు ఏమీ కాక ఇంకొకదానికి ప్రాణం మీదికి రావడం దీంతో చాలావరకు అర్థమవుతుంది. మరుసటి ఏడాది ప్రచురించిన పత్రంలో చింతపండు తిని మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతీ చేరింది. చింతపండు పులుపుకు మూలం ఆ ఆమ్లమే. మన వంటింట్లో ద్రాక్ష అప్పుడప్పుడు వస్తుంది, చింతపండు డబ్బా ఏడాది పొడుగునా ఉంటుంది. కొత్త చింతపండు వచ్చిన రోజుల్లో గింజ తీయడానికి చాపమీద రాశిపోసి కూర్చోవడం ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఉంది. ఆ చాప పక్కన పిల్లను వదలకూడదు. పాయసంలో వేయించి వేసిన కిస్మిస్‌దీ ఇదే కథ. మిగిలిన పులుసన్నం కుక్కకు పెట్టే అలవాటున్న ఇళ్ళకు దాన్ని మానడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి, ఉడికించినా ఆ గుణం పోదు. నీరసం కొన్ని రోజులు ఆగి కనబడుతుంది కాబట్టి దాన్ని ఎవరూ కూరతో ముడిపెట్టరు.

మాత్రల విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లో మంచం పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. నొప్పులకు వేసుకునే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు వేస్తాయి, మూత్రపిండాలను చెడగొడతాయి. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి గుళిక మెత్తగా, నమలడానికి బాగుంటుంది. మనకు ఆరోగ్యమిచ్చే ఆ ఒక్క గుళిక అయిదు కిలోల పిల్లకు విషమయ్యే మోతాదులో ఉంటుంది. చక్కెర లేదని కొనే చూయింగ్ గమ్‌లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే, గంటలోపే కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇక కుండీల విషయం. చెట్లకు ఎరువుగా వేసే ఆముదం పిండి వాసన కుక్కకు తిండి వాసనలా ఉంటుంది, అందులో మిగిలే విషం ప్రాణాంతకం. అపార్టుమెంట్ల ముందు అందానికి పెంచే సైకస్ మొక్క గింజలు కాలేయాన్ని చంపేస్తాయి. ఎలుకల మందు గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు, కానీ పక్కవాళ్ళు పెట్టిన మందు కూడా మీ పిల్లకు అందుతుందని గుర్తుంచుకోవాలి. రిమోట్‌లో ఉండే బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కండను కాల్చేస్తుంది.

ఇంత చెప్పాక ఎవరైనా అడిగే మాట ఒకటుంది. "వీధికుక్కలు చెత్తకుండీలో దొరికిందల్లా తిని బతకడం లేదా? మా తాతగారి ఊళ్ళో కుక్కకు ఏం పెట్టారని?" అని. సూటిగా జవాబివ్వదగ్గ ప్రశ్న ఇది. మన కళ్ళకు కనబడే వీధికుక్క బతికి బట్టకట్టిన కుక్క, చచ్చిపోయినవి మనకు కనబడవు. ఐసర్ బృందమే పశ్చిమ బెంగాల్‌లో 95 ఈతల్లో పుట్టిన 364 పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించి 2016లో లెక్క చెప్పింది. ఏడు నెలల వయసు దాకా బతికినవి నూటికి దాదాపు 19. ఆ చావుల్లో సగానికి పైగా మనుషుల వల్లే, వాహనాలు, విషప్రయోగం వంటివాటి వల్లే జరిగాయి. అయిదింట నాలుగు చచ్చిపోయే పెంపకాన్ని ఇంట్లో పెట్టుకున్న పిల్లకు కొలమానంగా తీసుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. పైగా తాతగారి ఊళ్ళో డైక్లోఫెనాక్ డబ్బా లేదు, బటన్ బ్యాటరీ లేదు.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఏదో ఒకరోజు పిల్ల ఏదో మింగుతుంది. అప్పుడు మన పెద్దలు చెప్పే ఉప్పునీళ్ళ వైద్యం వద్దు. ఉప్పే కుక్కకు విషమయ్యేంత మోతాదు అవుతుంది. ఆసిడ్, కిరోసిన్, బ్యాటరీ వంటివి మింగిన పిల్లకు వాంతి చేయిస్తే కాలిన గొంతు రెండోసారి కాలుతుంది, లేదా అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాంతి చేయించాలో వద్దో డాక్టరు నిర్ణయించాలి. చాలా విషాలకు దాన్ని సూదిమందుతో, మింగిన రెండు గంటల లోపు చేయించగలిగితేనే ఎక్కువ ఫలితం. కాబట్టి చూద్దాంలే అని రాత్రి దాటనివ్వకూడదు. ఎలుకల మందులో రక్తం గడ్డకట్టకుండా చేసే రకం అయితే మూడునుంచి అయిదు రోజులు పిల్ల మామూలుగానే ఆడుతుంది, లోపల రక్తస్రావం ఆ తర్వాత మొదలవుతుంది. ముందే వెళితే విటమిన్ కె1తో బతుకుతుంది. జింక్ ఫాస్ఫైడ్ రకం అయితే కడుపులో విషవాయువు పుడుతుంది. పిల్ల వాంతి చేసుకుంటే ఆ గాలి మనకు కూడా ప్రమాదం, కారు అద్దాలు దించాలి. ప్యాకెట్టు, స్ట్రిప్పు, నమిలి మిగిలిన ముక్క ఏదుంటే అది పట్టుకెళ్ళాలి. డాక్టరుకు సగం పని అక్కడే తేలుతుంది. టెంకలాంటిది మింగితే వాంతులు ఆగకపోవడం, తిండి మానేయడం, ముందుకాళ్ళు చాచి నడుము పైకెత్తి వంగడం పేగు మూసుకుపోయిందనడానికి గుర్తులు.

ఇప్పుడు అసలు పాఠం. పిల్లకు నేర్పాల్సింది "కొరకకు" అని కాదు, "నీ నోట్లోది నాకిస్తే నీకు నష్టం లేదు" అని. దీన్ని ప్రమాదం వచ్చిన రోజున నేర్పలేం, ఏ ప్రమాదమూ లేని రోజున మొదలుపెట్టాలి. దాని సొంత రబ్బరు బొమ్మే నోట్లో ఉన్నప్పుడు, ఉప్పూకారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి, గోరంత, దాని ముక్కు దగ్గర పెట్టాలి. వాసనకు నోరు తెరుచుకుంటుంది. బొమ్మ జారుతున్న క్షణంలో ఒకే ఒక్క మాట, "వదులు" అనో "ఇచ్చెయ్" అనో ఇంట్లో అందరూ వాడే మాట అని, ముక్క నోటికివ్వాలి. ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. ఆ తర్వాతి అడుగు మరిచిపోతారు. బొమ్మను తీసి చూసి, మళ్ళీ దానికే ఇచ్చేయాలి. ఈ తిరిగి ఇవ్వడంలోనే పాఠమంతా ఉంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు వస్తువు తిరిగొస్తుందని తెలిసిన పిల్లకు మనిషి చెయ్యి దగ్గరికొస్తుంటే మింగేయాల్సిన అవసరం ఉండదు. రోజుకు మూడు నాలుగు సార్లు, రెండేసి నిమిషాలు చాలు. వారాలు గడిచేకొద్దీ బొమ్మ స్థానంలో కాస్త ఇష్టమైన వస్తువు, తర్వాత ఎముక ఆకారపు బొమ్మ, చివరికి క్యారట్ ముక్క పెడుతూ పోవాలి. ఇది నేర్పేలోపే టెంక దొరికిందనుకోండి, కేక వేయకుండా, వెంటపడకుండా, నాలుగైదు ముక్కలు నేలమీద కాస్త దూరంగా చల్లాలి. ఏరుకోవడానికి పిల్ల నోట్లోది వదిలి వస్తుంది. వెంటపడితే పరుగు దానికి ఆటవుతుంది, ఇల్లంతా తిరిగాక దొరికేది మింగిన పిల్లే.

దీనితోపాటు నమలడానికి దానిదైన వస్తువు ఉండాలి. పాత చెప్పు ఇవ్వడం మంచి ఉద్దేశమే గాని, పాత చెప్పుకు, నిన్న కొన్న చెప్పుకు తేడా మన డబ్బులో ఉంది, వాసనలో లేదు. తడిపి ముడివేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన గుడ్డ సలిపే చిగుళ్ళకు హాయి, అది కూడా మన కళ్ళెదుటే. బొటనవేలి గోరు గుచ్చితే కాస్తయినా లోపలికి దిగని వస్తువు పంటిని విరుస్తుంది, కొమ్ములు, గట్టి ఎముకలు ఆ కోవవే. ఉడికిన ఎముక విరిగితే సూదిలా చీలుతుంది. ఇక పెరుగన్నం మాట. పిల్ల ఆకలికే అన్నీ కొరుకుతోంది అనేవాళ్ళది పూర్తిగా తప్పు కాదు. ఎదిగే పిల్లకు తిండి ఎండుబరువులో కనీసం అయిదో వంతుకు మించి మాంసకృత్తులు కావాలి, ఒట్టి పెరుగన్నంలో అవి అందవు. మట్టి, గోడ సున్నం, రాళ్ళు అదేపనిగా తినే పిల్లకు నులిపురుగులో, రక్తహీనతో ఉండవచ్చు, దానికి శిక్షణ కన్నా ముందు పరీక్ష అవసరం. వయసుతో అదే మానేస్తుందన్న మాటలోనూ కొంత నిజముంది. పళ్ళు వచ్చాక నమలడం తగ్గుతుంది, అయితే చాలా కుక్కల్లో ఏడాది దాటేదాకా మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంది. మింగే అలవాటు పడితే మాత్రం వయసు దాన్ని తగ్గించదు.

చివరి అభ్యంతరం తెలివైనది. ప్రతిసారీ ముక్క పెడితే లంచానికి అలవాటుపడి, ముక్క కోసమే వస్తువులు ఎత్తుకొస్తుంది కదా అని. అవును, కొన్ని పిల్లలు ఎత్తుకొస్తాయి. సాక్సు, చేతిరుమాలు, పిల్లల రబ్బరు తెచ్చి కాళ్ళ దగ్గర పడేసి ముఖంలోకి చూస్తాయి. రోజులు గడిచేకొద్దీ ముక్క ఒకసారి ఇచ్చి ఒకసారి మెచ్చుకోలుతో సరిపెట్టవచ్చు, తేవద్దనుకున్న వస్తువు దానికి అందకుండా పెట్టవచ్చు. అయినా తెస్తే తేనివ్వాలి. సోఫా కిందికి దొర్లిన బటన్ బ్యాటరీ, అమ్మమ్మ మంచం పక్కన జారిన మాత్రల స్ట్రిప్పు, గేటు దగ్గర ఎవరో విసిరేసిన ఎర ముద్ద, ఇవన్నీ మనకన్నా ముందు ఆ పిల్లకే దొరుకుతాయి. దొరికినదాన్ని పట్టుకుని అది మంచం కిందికి పోతుందా, మన దగ్గరికి వస్తుందా అన్నది ఆ సాక్సుల రోజుల్లోనే తేలిపోయి ఉంటుంది.